డ్రాకులా నాలుగో అధ్యాయం తర్వాత ఎక్కడికి పోయాడు?

ప్రశ్న: బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మొదటి నాలుగు అధ్యాయాలు ఒక్క రాత్రిలో లాగించేశాను. ఐదులో ఇద్దరమ్మాయిల పెళ్లి కబుర్లు, ఆరులో ఎవరో ముసలాయన మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఏడులో ఓడ దగ్గర పుస్తకం మూసేసి నెలైంది. సినిమాల్లో వేసినంత భయం కూడా వేయలేదు. మరి 1897 నుంచి జనం దీన్ని ఎందుకు వదలడం లేదు? నేను చదవడంలో తప్పుందా? ఈ కోవలో ఇంకేవి, ఏ వరసలో చదవాలి? మన బేతాళుడికీ వీళ్లకీ చుట్టరికం ఏమైనా ఉందా?

సమాధానం: మీరు ఆగిన చోటే చాలామంది ఆగుతారు. అందులో కొంత తప్పు పుస్తకానిదే. అయితే మీకు విసుగు పుట్టించిన ఆ మూడు అధ్యాయాల్లోనే దొంగ ఇంట్లోకి వచ్చేశాడు. మీ కళ్లముందే వచ్చాడు. ఇంటివాళ్లు చూడలేదు సరే, మీరు కూడా చూడలేదు. స్టోకర్ మీ చేతికి ఇచ్చిన కాగితాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే తప్ప అతను కనపడడు.

ఆ పని ఎలా చేయాలో ముందు చెబుతాను. ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా మూడు గళ్లు గీయండి: తేదీ, విట్బీ ఊరు (ఆ అమ్మాయిలిద్దరూ గడిపే ఇంగ్లండు సముద్రతీరపు ఊరు), బయటి సంగతులు. ముందుకు వెళ్లకండి. వెనక్కి, నాలుగో అధ్యాయం మొదట్లో మే 19 నాటి డైరీకి వెళ్లండి. కోటలో బందీగా ఉన్న జోనథన్ హార్కర్ చేత కౌంట్ డ్రాకులా ఆ రోజు మూడు ఉత్తరాలు రాయిస్తాడు. ఇక్కడ పని దాదాపు అయిపోయింది, కొద్ది రోజుల్లో బయల్దేరతానని మొదటిది. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నానని రెండోది. కోట వదిలి బిస్ట్రిట్జ్ చేరానని మూడోది. వాటి మీద వేయించిన తేదీలు వరసగా జూన్ 12, 19, 29. తన ఆయుష్షు ఎంతో హార్కర్‌కి అప్పుడు తెలుస్తుంది. ఆ మూడు తేదీలూ మీ కాగితం మీద వేసుకోండి.

ఇప్పుడు ఆరో అధ్యాయం, జులై 26. హార్కర్‌ని చేసుకోబోయే మీనాకు అతని యజమాని ద్వారా ఒక ఉత్తరం అందుతుంది. కోట నుంచి రాసినది, ఒక్క వాక్యం, ఇంటికి బయల్దేరుతున్నానని. ఇది జోనథన్ రాసే తీరు కాదే అని మీనా మనసు చివుక్కుమంటుంది. అంతే, మళ్లీ స్నేహితురాలు లూసీ కబుర్లలోకి వెళ్లిపోతుంది. ఆ ఉత్తరం ఎవరు చెబితే రాసిందో మీకు తెలుసు, ఆమెకు తెలియదు. చదువుతుంటే మామూలు వాక్యంలా దాటిపోతుంది. మీ కాగితం మీద మే 19 పక్కన జులై 26 వేసుకున్నారంటే మాత్రం చెయ్యి ఆగుతుంది.

ఓడ సంగతి ఇంకా బాగుంటుంది. వార్నా రేవులో జులై 6న సరుకు ఎక్కించడం పూర్తయింది. వెండి ఇసుక, మట్టి నింపిన పెట్టెలు. ఓడలో ఐదుగురు నావికులు, ఇద్దరు మేట్లు (కెప్టెన్ కింది అధికారులు), ఒక వంటవాడు, కెప్టెన్, మొత్తం తొమ్మిది మంది. జులై 24 నాటి లాగ్‌బుక్కులో కెప్టెన్ ఏం రాశాడో చూడండి: ఈ ఓడకు ఏదో శని పట్టింది, ముందే ఒకడు తగ్గాడు, రాత్రి ఇంకొకడు మాయమయ్యాడు. విట్బీలో మీనా డైరీ మొదలయ్యేది కూడా సరిగ్గా జులై 24నే. లూసీ స్టేషన్‌కి వచ్చింది, ఎప్పటికన్నా అందంగా ఉంది అన్న మాటతో. రెండు రోజులకే లూసీకి నిద్రలో నడిచే పాత అలవాటు తిరగబెట్టిందని ఉంటుంది. ఒకే తేదీకి ఒక గడిలో పిల్లలు సముద్రం చూస్తూ కూచున్నారు, పక్క గడిలో అదే సముద్రం మీద మనిషి తర్వాత మనిషి తగ్గుతున్నాడు. స్టోకర్ ఈ రెండిటినీ ఒక పేజీలో పెట్టలేదు. మీనా డైరీ ఆరో అధ్యాయంలో, లాగ్‌బుక్కు ఏడో అధ్యాయంలో, అదీ ఓడ ఒడ్డున పడ్డాక ఆగస్టు 8 నాటి పత్రిక కత్తిరింపు వెనకాల. కలపడం మీ వంతు. కలపకపోతే మీకు జరిగినట్టే జరుగుతుంది, పెళ్లి కబుర్లూ ఓడ కబుర్లూ విడివిడిగా ఉండిపోతాయి.

నవలలో ఉన్న తేదీల ప్రకారం మే 3 నుంచి నవంబరు 6 దాకా ఏ రోజుది ఆ రోజు చదివేవాళ్లూ ఉన్నారు. మొదటిసారికి అది వద్దు. వరస మారితే ఆ లాగ్‌బుక్కు ముందే వచ్చేసి, ఓడలో ఏముందోనన్న ఉత్కంఠ చప్పబడిపోతుంది.

ఆరో అధ్యాయంలో మీకు అర్థం కాని ముసలాయన పేరు స్వేల్స్. మాట్లాడేది యార్క్‌షైర్ యాస. ఇంగ్లీషువాళ్లకే సగం తెలియదు, కాబట్టి నిఘంటువు తెరవకండి. ఆయన దగ్గర తీసుకోవాల్సింది రెండే. సమాధి రాళ్ల మీద రాసినవన్నీ అబద్ధాలు, చాలావాటి కింద శవమే లేదు అంటాడు. లూసీకి ఎంతో ఇష్టమైన ఆ బెంచీ ఒక ఆత్మహత్య చేసుకున్నవాడి సమాధి మీద ఉందని చెబుతాడు. ఆ చోటును గుర్తుపెట్టుకుని మిగతాది గబగబా దాటేయండి. ఎనిమిదిలో ఆగస్టు 11 తెల్లవారుజామున మూడింటికి మీనా రాసిన డైరీలో కథ మళ్లీ ఆ బెంచీ దగ్గరికే వస్తుంది. మీనా లేచి చూస్తే లూసీ పక్క ఖాళీ, వీధి తలుపు తీసి ఉంది. తీసింది లూసీయే. వెతుక్కుంటూ వెళ్లి చలికి వణుకుతున్న స్నేహితురాలికి శాలువా కప్పి, గొంతు దగ్గర పెద్ద పిన్నీసు పెడుతుంది. తెల్లారాక లూసీ గొంతు మీద రెండు ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అయ్యో, నా చేతగానితనం వల్ల పిన్నీసు చర్మంలో గుచ్చుకుంది అని నొచ్చుకుంటుంది మీనా. పిన్నీసు అన్న ఆ ఒక్క మాటలో స్టోకర్ బలం అంతా ఉంది. రక్తం లేదు, కోరలు లేవు. ఒక మంచి పిల్ల తప్పు తన మీద వేసుకుంటోంది, మనం పేజీ ఇవతల నుంచి చూస్తూ ఆమెకు చెప్పలేకపోతున్నాం.

మీ అసలు ప్రశ్నకు నా సమాధానం కూడా అక్కడే ఉంది. ఈ కథల్లో తలుపు బద్దలు కొట్టుకుని ఎవడూ రాడు. లోపలివాళ్లే తీస్తారు, మర్యాద కొద్దీనో ప్రేమ కొద్దీనో ఉద్యోగ ధర్మంగానో. తీస్తున్నప్పుడు మనకు కనపడుతుంది, వాళ్లకు కనపడదు. రెండో అధ్యాయంలో కౌంట్ హార్కర్‌ని ఆహ్వానించే తీరు మళ్లీ చూడండి. నీ ఇష్టంతో నువ్వే లోపలికి రా అంటాడు. ఎదురు రాడు, శిలలా నిలబడతాడు. హార్కర్ గడప దాటిన మరుక్షణం మాత్రం ముందుకొచ్చి చెయ్యి పట్టుకుంటాడు. లండన్ దగ్గర ఇల్లు కొని పెట్టింది కూడా ఆ హార్కరే, వకీలు కాబట్టి, దస్తావేజులన్నీ పక్కాగా. ఇక మట్టిపెట్టెలు యాభై. ఎనిమిదో అధ్యాయంలో వాటి రవాణా ఉత్తరాలు చాలామంది చూడకుండా తిప్పేస్తారు. మీరు ఆగి చదవండి. విట్బీ వకీళ్లు 10 పౌండ్ల చెక్కు పంపితే, రవాణా కంపెనీ పెట్టెలు చేర్చి, ఖర్చు పోగా మిగిలిన 1 పౌండు 17 షిల్లింగుల 9 పెన్నీలు లెక్కగా తిప్పి పంపింది. దయ్యం ఇంగ్లండులో అడుగుపెట్టింది, రసీదుతో సహా. మంత్రాలతో వచ్చిన భూతాన్ని ఏ శతాబ్దం వాళ్లైనా నవ్వి వదిలేస్తారు. సక్రమమైన కాగితాలతో వచ్చినవాణ్ణి ఆపడం ఏ కాలంలోనూ తేలిక కాదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి శీర్షికలోని ప్రశ్నకు కూడా జవాబు చెప్పేస్తాను, డ్రాకులా ఎక్కడికి పోయాడని. ఈ నవలలో అందరూ రాస్తూనే ఉంటారు. హార్కర్ షార్ట్‌హ్యాండులో, డాక్టర్ సీవర్డ్ ఫోనోగ్రాఫ్‌లో, మీనా టైపురైటరు మీద, లూసీ ఉత్తరాల్లో. ఆఖరికి సీవర్డ్ నడిపే పిచ్చాసుపత్రిలో రోగి రెన్‌ఫీల్డ్ కూడా ఒక చిన్న పుస్తకంలో అంకెలు కూడుకుంటూ ఉంటాడు. ఈగలు సాలెపురుగులకు, సాలెపురుగులు పిచ్చుకలకు పెట్టి, ఆఖర్న పిల్లికూన కావాలంటాడు, జులై 19న. కౌంట్‌కి మాత్రం డైరీ లేదు. ఒకటి రెండు ఉత్తరాలు తప్ప అతని గొంతు మనకు వినపడదు. కాబట్టి నాలుగో అధ్యాయం తర్వాత అతను మనిషిగా తక్కువ, పొగమంచుగా, కిటికీ దగ్గర రెక్కల చప్పుడుగా, జూ నుంచి తప్పించుకున్న తోడేలు వార్తగా ఎక్కువ ఉంటాడు. ఇంకో సంగతి, హార్కర్ మీనాకు దొంగతనంగా షార్ట్‌హ్యాండులో రాసిన ఉత్తరం అతని చేతికి చిక్కితే, చదవలేక మండిపడి దీపం మంటలో కాల్చేస్తాడు. నాలుగు వందల ఏళ్ల విద్వాంసుడికి ఆఫీసు గుమాస్తా లిపి అంతు పట్టలేదు. ముందు ముందు కథ ఏ ఆయుధంతో నడవబోతోందో అక్కడే చెప్పాడు స్టోకర్.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా వేగం దానంతటదే వస్తుంది. సెప్టెంబరు 7 నుంచి 18 లోపు నలుగురు మగవాళ్లు వరసగా లూసీకి రక్తం ఇస్తారు, ఎవరి రక్తం ఎవరికి సరిపడుతుందో చూడకుండా. ఇది స్టోకర్ అజ్ఞానం అనుకోకండి. రక్తంలో గ్రూపులున్నాయని లాండ్‌స్టైనర్ తేల్చింది నవల వచ్చాక, 1900, 1901ల్లో. పది, పదకొండు అధ్యాయాల్లో వెల్లుల్లి పూల ఘట్టం జాగ్రత్తగా చదవండి. లూసీకి వైద్యం చేసే డాక్టరు వాన్ హెల్సింగ్ వాటిని గదినిండా కట్టి వెళతాడు, ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పడు. గది ఘాటుగా ఉంది, పిల్లకు గాలాడటం లేదని తల్లి వాటిని తీసేసి కిటికీ తెరుస్తుంది. మళ్లీ లోపలివాళ్లే.

వాన్ హెల్సింగ్ డచ్చివాడు. అతని ఇంగ్లీషు వంకర టింకరగా, ఉపన్యాసాలు గజాల కొద్దీ ఉంటాయి. సగం మొహమాటం లేకుండా కళ్లతో జారిపోవచ్చు. పద్దెనిమిదో అధ్యాయంలో మాత్రం వదలకండి, నియమాలన్నీ అక్కడ చెబుతాడు. నీడ పడదు, అద్దంలో కనపడడు, పారే నీటిని సముద్రపు పోటు వేళో, నీరు నిలకడగా ఉన్న వేళో తప్ప దాటలేడు, ఇంటివాళ్లలో ఎవరైనా ఒక్కసారి రమ్మంటే తప్ప లోపలికి రాలేడు. అది చదివాక పుస్తకం మూసి, ఆ రాత్రి ఆ పిచ్చాసుపత్రి ఆవరణలో ఎవరెవరు పడుకున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. ఈ నియమాలు ముందే తెలుసుకుందామని పద్దెనిమిదికి గెంతితే మాత్రం మిగతా పుస్తకం పాడవుతుంది. ఇరవై అయిదు, ఇరవై ఆరుల్లో రైళ్లూ పడవలూ వెంటాడే భాగం నా లెక్కలో కాస్త సాగదీత, అక్కడ తొందరపడినా నష్టం లేదు. ఇరవై మూడులో హార్కర్ చేతికి వచ్చే గూర్ఖాల కుక్రీ కత్తిని మాత్రం గుర్తుపెట్టుకోండి.

సినిమాలు మీ భయానికి అడ్డం పడ్డాయని అనుమానం. నవలలో కౌంట్ మొదట తెల్లమీసాల ముసలివాడు. అరచేతుల మధ్య వెంట్రుకలు, కంపు కొట్టే ఊపిరి. ప్రేమకథేమీ లేదు. పగలు తిరగగలడు, బలాలు పనిచేయవు అంతే. సూర్యరశ్మి తగిలి మాయమైపోవడం 1922 జర్మన్ సినిమా ‘నోస్ఫెరాటు’ తెచ్చిపెట్టింది. దాని మీద స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కారు, 1925లో ప్రింట్లు తగలబెట్టమని తీర్పు వచ్చింది. కొన్ని ఎలాగో మిగిలాయి. అలాగే శూలాల వ్లాడ్ రాజే డ్రాకులా అన్న ప్రచారాన్ని పక్కన పెట్టండి. నవలలో కోట ఉన్న ట్రాన్సిల్వేనియా మొహం స్టోకర్ చూడలేదు. 1890 ఎండాకాలం విట్బీలో గడుపుతూ, అక్కడి లైబ్రరీలో వలేకియా మీద 1820 నాటి ఒక పుస్తకంలో ఆ పేరు చూసి, దెయ్యం అని అర్థం ఉందని రాసుకున్నాడు. అప్పటిదాకా కౌంట్ పేరు ‘వాంపైర్’ అనే రాసుకున్నాడు. ఆ పేరే ఉండిపోతే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదేమో.

మీ దగ్గరున్నది పూర్తి పుస్తకమో కాదో చూసుకోండి. 27 అధ్యాయాలు ఉండాలి, ఇంచుమించు 1,60,000 పదాలు. కథ కన్నా ముందు ఈ కాగితాలను ఎలా పేర్చారో చెప్పే చిన్న పేరా ఉండాలి. మొదటి వాక్యంలోనే మ్యూనిక్‌లో రాత్రి 8:35 రైలు రావాలి. పిల్లల కోసం కుదించినవాటిలో ముందు ఎగిరిపోయేవి తేదీలూ రవాణా ఉత్తరాలే, అంటే సరిగ్గా మనకు కావలసినవి. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో పూర్తి పాఠం ఉచితం. రోజుకో అధ్యాయం చొప్పున నెల లోపే అవుతుంది.

తర్వాత ఏం చదవాలంటే, షెరిడన్ లె ఫాన్యూ ‘కార్మిలా’. 1871-72లో పత్రికలో వచ్చింది, పదహారు చిన్న అధ్యాయాలు, రెండు మూడు రాత్రుల పని. వచనం మటుకు చూస్తే డ్రాకులా కన్నా ఇదే మేలు. ఆస్ట్రియాలోని స్టైరియా అడవిలో బండి బోల్తా పడుతుంది. ప్రయాణం ఆపలేని తల్లి, స్పృహ తప్పిన కూతురు. పాపం పిల్లను మా ఇంట్లో ఉంచండి అంటాడు కథ చెప్పే లారా తండ్రి, కూతురు బతిమాలితే. ఇక్కడ నియమమంటూ ఎవరూ చెప్పరు, అతిథి మర్యాదే చాలు. నాలుగో అధ్యాయంలో ఊరూరా తిరిగే గూని గారడీవాడు కిటికీ కింద నిలబడి, అమ్మగారి పన్ను మరీ సూదిగా ఉంది, ఆకురాయితో అరగదీస్తానంటాడు. కార్మిలా కోపం చూడాలి అప్పుడు. పదకొండు నుంచి లారా తండ్రి స్నేహితుడైన జనరల్ చెప్పే కథ మీకు తెలిసిందే మళ్లీ వింటున్నట్టు ఉంటుంది, విసుక్కోకండి. పేర్లలో అక్షరాలు ఎలా తారుమారవుతున్నాయో చూసుకుంటూ పొండి.

ఆ తర్వాత జాన్ పోలిడోరి ‘ద వాంపైర్’, ఒక సాయంత్రానికి సరిపోతుంది. కథనం నీరసం. కానీ వంశవృక్షంలో తాత ఇతనే. పోలిడోరి బైరన్ కవికి డాక్టరు. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇల్లు కదలలేక అందరూ దయ్యాల కథలు రాద్దామనుకున్నప్పటి విత్తనం అది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కూడా ఆ పందెంలో పుట్టిందే. 1819 ఏప్రిల్‌లో అచ్చైనప్పుడు బైరన్ పేరుతో వచ్చింది. పోలిడోరి చేసిన మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే అంతకు ముందరి రక్తపిశాచి ఎలా ఉండేదో చూడాలి. 1732 జనవరిలో సెర్బియా పల్లె ఒకదానిలో ఆస్ట్రియా సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ ఇచ్చిన నివేదిక ఉంది. గడ్డిబండి మీద నుంచి పడి మెడ విరిగి చచ్చిన ఆర్నోల్డ్ పావొలె అనే మనిషిని నలభై రోజులకు తవ్వి తీస్తే నోటా ముక్కునా పచ్చి నెత్తురు, పాత గోళ్లూ చర్మమూ ఊడి కొత్తవి వచ్చాయి, గుండెలో కొయ్య దిగేస్తే మూలిగాడు అని ఊరివాళ్లు చెప్పారట. చూసింది నిజమే, చెప్పుకున్న అర్థం తప్పు. కుళ్లేటప్పుడు లోపల గాలి నిండి శవం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి ఎర్రటి ద్రవం నోట్లోకి తన్నుకొస్తుంది. పైపొర జారిపోతే కింది ఎర్రచర్మం కొత్తదిలా కనిపిస్తుంది. పొడిచినప్పుడు గాలి గొంతులోంచి బయటపడి మూలుగులా వినిపిస్తుంది. అంటే అప్పటిదాకా పిశాచి ఉబ్బిన పల్లెటూరి శవం. పోలిడోరి దానికి కోటు తొడిగి, ప్రభువును చేసి, లండన్ విందులకు పిలిపించాడు. ఆనాటి నుంచి అది తలుపు తట్టి, పేరు చెప్పి వస్తోంది. ఇందులో కట్టిపడేసేది కూడా ఇచ్చిన మాటే, ఏడాది మీద ఒక్క రోజు దాకా నోరు విప్పనని కుర్రవాడు వేసిన ఒట్టు.

‘వార్నీ ద వాంపైర్’ అని 1845-47లో వారం వారం పెన్నీకి అమ్మిన సీరియల్ ఒకటుంది, రెండు వందలకు పైగా అధ్యాయాలు. మొదటి అధ్యాయం తుఫాను రాత్రి బ్రహ్మాండంగా ఉంటుంది, అది చదివి వదిలేయండి. ‘డ్రాకులాస్ గెస్ట్’ స్టోకర్ పోయాక 1914లో వచ్చిన కథ. కొన్ని ప్రతుల్లో నవల ముందు కలిపేస్తున్నారు, మీ పుస్తకంలో అలా ఉంటే దాన్ని ఆఖరికి ఉంచుకోండి.

ఇక బేతాళుడు. 1870లో ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ బేతాళ కథల్లో పదకొండింటిని ఇంగ్లీషు చేస్తూ ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని పేరు పెట్టాడు, చుట్టరికం అంతా ఆ పేరుతో వచ్చిందే. చందమామ చదివినవాళ్లకు తెలుసు, మన బేతాళుడు నెత్తురు తాగడు, కరిచి ఇంకొకణ్ణి బేతాళుణ్ణి చేయడు. శవాన్ని ఆవహించి కథ చెప్పి ధర్మసందేహం అడుగుతాడు, రాజు నోరు విప్పగానే చెట్టెక్కుతాడు. దగ్గర పోలిక కావాలంటే ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద రాసిన ‘ఓ స్త్రీ రేపు రా’ను చూడండి. అక్కడ కూడా భయం బయట తిరిగేదాని గురించి కన్నా, తెలిసిన గొంతు అనుకుని లోపలివాళ్లు పలుకుతారేమోనని. బర్టన్‌తో స్టోకర్‌కి పరిచయం మాత్రం నిజం. లండన్‌లో విందుల్లో కలిసేవాళ్లు. మాట్లాడుతుంటే బర్టన్ పై పెదవి లేచి కోరపన్ను కత్తిలా మెరిసేదని స్టోకర్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.